ఆరు వేసవుల కూలరు: కిటికీ తెరిచి ఉన్నంతసేపే చల్లదనం

రామంతాపూర్‌లో నాలుగో అంతస్తు పైనున్న మా పెంట్‌హౌస్‌లో ఆరు వేసవులుగా ఒకే ఎయిర్ కూలరు వాడుతున్నాము. ట్యాంకులో ఎన్ని లీటర్లు పడతాయో, ఫ్యానుకు ఎన్ని వేగాలున్నాయో దుకాణంలో ఎవరైనా చెబుతారు కనుక ఆ వివరాలు వదిలేస్తున్నాను. ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పే నాకు ఇందులో నచ్చినది వెనుకనున్న తడి ప్యాడ్ ఒక్కటే. 30 డిగ్రీల దగ్గర కిలో నీరు ఆవిరి కావాలంటే సుమారు 2,430 కిలోజౌళ్ల వేడి కావాలి. ఆ వేడిని నీరు ప్యాడ్ గుండా దూరివచ్చే గాలి నుంచే లాక్కుంటుంది. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో బయట 41 డిగ్రీలున్న ఒక మధ్యాహ్నం దీని ముందు పెట్టిన థర్మామీటరు 27 చూపించింది. ఆ ఉత్సాహంలో ఇది ఏసీకి తీసిపోదని స్టాఫ్‌రూములో అందరికీ చెప్పాను.

ఐసు వేసుకునే అర ఉందని దుకాణదారు గొప్పగా చెప్పాడు గాని, కిలో ఐసు కరగడానికి తీసుకునే వేడి 334 కిలోజౌళ్లే, అంటే ఆవిరయ్యే నీరు తీసుకునే దానిలో ఏడో వంతు. ఇప్పుడు ఆ అరలో మా అబ్బాయి క్రికెట్ బంతులు దాచుకుంటున్నాడు.

మూడో వేసవిలో ఒక రాత్రి గాలిదుమారం లేచింది. దుమ్ము పడుతుందని, ఎప్పుడూ కిటికీకి ఆనించి ఉంచే కూలరును గదిలోకి లాగి, తలుపులు, కిటికీలు బిగించి పడుకున్నాము. రెండు గంటలకు మెలకువ వచ్చేసరికి దుప్పటి ఒంటికి అతుక్కుంటోంది, బల్లమీది పేపరు ఎత్తితే తడిగుడ్డలా వేలాడింది, దేవుడి దగ్గరి అగ్గిపుల్ల మూడుసార్లు గీసినా వెలగలేదు. కూలరు మాత్రం నిండు వేగంతో తిరుగుతూనే ఉంది. పాఠం కోసం తెచ్చుకున్న రెండు థర్మామీటర్లు ఇంట్లోనే ఉండగా, ఒకదాని బల్బుకు తడి గుడ్డ చుట్టి, రెండింటినీ గాలిలో ఊపి చూస్తే, పొడిది 32, తడిది 30 చూపించాయి. అదే జతను బాల్కనీలోకి తీసుకువెళితే 31, 23 వచ్చాయి. గాలి ఎంత పొడిగా ఉంటే గుడ్డలోని నీరు అంత ఎక్కువగా ఆవిరై, తడి థర్మామీటరు అంత కిందికి దిగుతుంది; గదిలో అది రెండు డిగ్రీలే దిగింది. గదిలోని గాలి తాను మోయగలిగినంత ఆవిరిని దాదాపు మోస్తోంది. ప్యాడ్ నుంచి ఎన్ని అణువులు లేస్తున్నాయో ఇంచుమించు అన్నే తిరిగి నీటిలోకి దిగుతున్నాయి కనుక, ఇక వేడి లాగేదెవరు? ఏటా నల్లబల్లమీద సమతాస్థితి అని రాసే నేను ఆ మాటను నా పక్క మీదే పడుకోబెట్టుకున్నానని అప్పుడు తెలిసింది. తలుపు తీసి, కూలరును మళ్లీ కిటికీకి ఆనించిన అరగంటకు గది తేలికపడింది.

అప్పటి నుంచి స్విచ్ వేసే ముందు ఆ రెండు థర్మామీటర్లను చూడడం నాకు అలవాటైంది. రెండింటి మధ్య పదికి పైగా తేడా ఉంటే హాయిగా వేస్తాను, మూడు నాలుగే ఉంటే వేయను. ఈ లెక్కన స్టాఫ్‌రూములో నేనన్న మాట ఏప్రిల్, మే నెలలకే చెల్లుతుంది; మృగశిర దాటి వానలు పట్టాక ఇది శబ్దం చేసే ఫ్యాను. పైగా మాకు వచ్చేవి బోరు నీళ్లు. ఆవిరయ్యేది నీరే గాని అందులోని లవణాలు కావు కనుక, ప్యాడ్ మీద తెల్లటి పెచ్చు కట్టి గాలికి దారి మూసుకుపోతుంది. ఆరేళ్లలో మూడుసార్లు ప్యాడ్లు మార్చాను.

రెండు వైపులా కిటికీలున్న పై ఇల్లు కనుక, పగలు ఇంట్లో ఉండేవాళ్లు తక్కువ కనుక, మాకు ఇది సరిపోయింది. ఒకే కిటికీ ఉన్న కింది వాటా వాళ్లు అడిగినప్పుడు కొనమని నేను చెప్పలేకపోయాను. ఆయాసమున్న మా అమ్మ శ్రావణంలో వచ్చినప్పుడు కూలరు ట్యాంకు ఖాళీ చేసి, పైన పాత దుప్పటి కప్పి, అందరమూ ఫ్యాను కిందే పడుకుంటాము.