కాగితాలు సువాలో, కట్టడాలు లెవుకాలో

ఫిజీ వెళ్ళే మనవాళ్ళలో చాలామంది నాడిలో దిగి, దగ్గర్లోని దీవిలో రిసార్టు చూసుకుని తిరిగొచ్చేస్తారు. మాకు కావలసింది వేరు: పాతకాలపు వ్యాపారుల లెక్కలు, మిషనరీల ఉత్తరాలు, గిర్మిటియాల (ఒప్పందం మీద తోటల పనికి ఇండియా నుంచి వెళ్ళిన కూలీల) పాసులు. వాటికోసమైతే నాడిలో సుబ్రహ్మణ్యేశ్వరుడికి ఒక దణ్ణం పెట్టుకుని రాజధాని సువా బస్సెక్కేయడమే. దారిలో చాలా దూరం ఒక పక్క సముద్రం కనిపిస్తూ ఉంటుంది. సువాలో మాత్రం వాన ఎప్పుడొస్తుందో చెప్పలేం, గొడుగు తప్పనిసరి.

బసకి సిటీ మధ్యలో ఒక చవక లాడ్జి తీసుకున్నాం. గది శుభ్రంగానే ఉంది, వేడినీళ్ళు మాత్రం రిసెప్షన్ అబ్బాయి దయ. 1914లో ఓడ ప్రయాణికుల కోసం కట్టిన గ్రాండ్ పసిఫిక్ హోటల్ అద్దె మా అందుబాటులో లేదు. వరండాలో టీ తాగి ఆ ముచ్చట తీర్చుకున్నాం. తిండికి ఇబ్బంది పడలేదు. మార్కెట్ దగ్గర రోటీలో కూర చుట్టి పార్సిల్ ఇస్తారు, శాకాహారులకి పూట గడిచిపోతుంది.

ఫిజీ నేషనల్ ఆర్కైవ్స్‌కి ముందే మెయిల్ రాసి వెళ్ళడం మంచిది. బ్యాగు బయట పెట్టాలి, పెన్ను కుదరదు, పెన్సిలే. సిబ్బంది ఓపిక మెచ్చుకోవాలి. గిర్మిటియాల పాసులు మైక్రోఫిల్మ్ మీద చూస్తాం. 1879లో లియొనిడాస్ ఓడతో మొదలై 1916 దాకా అరవై వేలకు పైగా మనుషులు ఇండియా నుంచి ఇక్కడికి వచ్చారు. 1903 నుంచి మద్రాసు రేవు కూడా తెరిచారు. అక్కడ ఎక్కినవాళ్ళు సుమారు 15 వేలు. ఉత్తర ఆర్కాటు, కృష్ణా, గోదావరి, విశాఖ జిల్లాల వాళ్ళు వాళ్ళలో చాలామందే ఉన్నారు.

రీలు తిప్పుతూ తిప్పుతూ కళ్ళు లాగేస్తున్న వేళ మా ఆవిడ నా మోచెయ్యి పొడిచింది. "ఏమండీ, ఇటు చూడండి, రామచంద్రపురం తాలూకా!" తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, ఎత్తు, ఎడమ మోకాలి మీద మచ్చ. కింద డాక్టరు సంతకం, ఇష్టపూర్వకంగానే వెళుతున్నాడని ఇంకో అధికారి సంతకం. ఆ ఇష్టం ఎంతటిదో కాగితం చెప్పదు. మీ ఊరి పేరు వెతకాలంటే అప్పటి తాలూకా తెలిసుండాలి. పైగా గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా రాసేశాడు, కాబట్టి నాలుగైదు రకాల స్పెల్లింగులు రాసి పెట్టుకోండి.

అక్కడికి నడిచే దూరంలోనే థర్స్‌టన్ గార్డెన్స్‌లో ఫిజీ మ్యూజియం. 1867లో విటి లేవు (సువా ఉన్న దీవి) కొండల్లో ఒక ఊరివాళ్ళు చంపి తినేసిన మెథడిస్టు మిషనరీ థామస్ బేకర్ చెప్పు అట్ట అక్కడ అద్దాల వెనక ఉంది. జనం ఎగబడేది దాని దగ్గరే. 2003లో ఆ ఊరివాళ్ళు ఆయన వారసులని పిలిచి క్షమాపణ చెప్పుకున్నారు. నా మటుకు నాకు ఆ తోలుముక్క కంటే ఈ క్షమాపణే పెద్ద విషయం.

పాత కట్టడాల ఊరు లెవుకాకి వెళ్ళాలంటే సువా నుంచి నతోవి రేవుకి బస్సు, అక్కడ ఫెర్రీ, ఒవలావు దీవిలో దిగాక మళ్ళీ రోడ్డు. మేమెక్కిన ఫెర్రీ బాగా ఆలస్యమైంది, ఎందుకో చెప్పిన నాథుడు లేడు. ఊరు మాత్రం ఆ విసుగు మరిపించింది. 1874లో ఫిజీని బ్రిటిషు వాళ్ళకి అప్పగించింది ఇక్కడే. తొలి రాజధానీ ఇదే. వెనక కొండ ఆనుకుని ఉండటంతో ఊరు పెరిగే చోటులేక 1882లో రాజధానిని సువాకి మార్చేశారు. అందుకే బీచ్ స్ట్రీట్‌లో చెక్క దుకాణాల వరస ఇంకా అలాగే నిలిచింది. 2013లో యునెస్కో గుర్తింపు కూడా దక్కింది. 1868 నాటి మోరిస్ హెడ్‌స్ట్రోమ్ దుకాణం ఇప్పుడు చిన్న మ్యూజియం, గ్రంథాలయం. సేక్రెడ్ హార్ట్ చర్చి గడియారం ప్రతి గంటనీ నిమిషం తేడాతో రెండుసార్లు కొడుతుంది. మిషన్ హిల్ మీదికి 199 మెట్లు ఎక్కితే రేవంతా కనిపిస్తుంది. ట్యూనా చేపల ఫ్యాక్టరీ వాసన కూడా అక్కడిదాకా వస్తుందనుకోండి!

కానీ పరిశోధన మీదే వెళ్ళేవాళ్ళు లెవుకాలో కాగితాలు దొరుకుతాయని ఆశ పెట్టుకోవద్దు. సీ కుకుంబర్ అనే సముద్రజీవిని ఎండబెట్టింది కొని చైనాకి అమ్మిన వ్యాపారుల ఊరేగానీ, వాళ్ళ రాతలు దేశదేశాలకీ చెల్లాచెదురయ్యాయి. 1835లో లకేంబా దీవిలో దిగిన కార్గిల్, క్రాస్‌ల మెథడిస్టు మిషన్ సంగతులు కావాలంటే సిడ్నీలో మిచెల్ లైబ్రరీకి వెళ్ళాలి. చెరకు తోటల సీఎస్ఆర్ (కొలోనియల్ షుగర్ రిఫైనింగ్) కంపెనీ దస్తావేజులు కాన్‌బెర్రాలో ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీ దగ్గరున్నాయి. దీవుల్లో ఇళ్ళలోనూ చర్చిల్లోనూ పడున్న పాత రాతలకి ఫిల్మ్ కాపీలు తీసే పసిఫిక్ మాన్యుస్క్రిప్ట్స్ బ్యూరో కూడా 1968 నుంచి అదే యూనివర్సిటీలో ఉంది. అందుచేత మీ ఊరి మనిషిని వెతకాలంటే సువా చాలు. ఆ మనిషిని పనిలో పెట్టుకున్న కంపెనీ లెక్కలు చూడాలంటే ఆస్ట్రేలియా టికెట్టు కూడా కొనాలి. ఆ రెండోదానికి వీసా ముందే తీసుకోవాలి, ఫిజీలాగా దిగాక స్టాంపు వేయరు.