ఆత్మహత్య ప్రమాదం అంచనాపై శిక్షణ: అడగడం బాగా నేర్పారు, ఫారం మార్చాలి

"మీకు అలాంటి ఆలోచనలేమీ లేవు కదా?" విద్యార్థులు రోగిని ఇలా అడగడం నర్సింగ్ అధ్యాపకురాలిగా ఎన్నోసార్లు విన్నాను. అలా అడిగితే ఎవరైనా "లేవండి" అనే అంటారు. ఈ శిక్షణ మొదట సరిచేసింది ఆ ప్రశ్ననే.

ఇందులో ఉపన్యాసాలు తక్కువ, అభ్యాసం ఎక్కువ. రోగుల పాత్రల్లో తర్ఫీదు పొందిన నటులు కూర్చుంటారు. మా విద్యార్థిని ఎదుటికి నిద్ర పట్టడం లేదంటూ ఒక నడివయసు మనిషి వచ్చారు. రక్తపోటు, మందుల వివరాలు చక్కగా అడిగిన అమ్మాయి, అసలు ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించింది. శిక్షకురాలు ఆపి, "రక్తపోటు గురించి అడిగిన గొంతుతోనే అడగండి. కలం పక్కన పెట్టండి" అన్నారు. రెండోసారి ఆమె ఇలా అడిగింది: "ఇన్నాళ్లు నిద్ర లేకపోతే కొందరికి బతకాలనిపించదు. మీకు ఆత్మహత్య చేసుకోవాలనే ఆలోచన వచ్చిందా?" ఆ మనిషి చాలాసేపు మాట్లాడలేదు. ఆమె కూడా ఆ మౌనాన్ని మాటలతో నింపలేదు. తర్వాత ఆయన చెప్పడం మొదలుపెట్టారు. ఈ ఒక్క అభ్యాసం కోసమైనా విద్యార్థులను పంపవచ్చు.

అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనన్న భయం చాలామందిలో ఉంది. అలా జరుగుతుందనడానికి ఆధారం లేదని 2014లో వెలువడిన ఒక పరిశోధనల సమీక్ష తేల్చింది. ఆ సంగతి ముందే చెప్పడంతో పిల్లల్లో బెరుకు తగ్గింది.

ఆత్మహత్య ప్రమాదాన్ని గుర్తించడానికి వాడే కొలంబియా ప్రశ్నావళిని నేర్పిన తీరు కూడా నాకు నచ్చింది. ఆలోచనల గురించి అడిగే మొదటి రెండు ప్రశ్నలకూ "లేదు" అని జవాబు వస్తే చాలామంది అక్కడితో ఆపేస్తారు. కానీ గతంలో ప్రయత్నం చేశారా, అందుకు సిద్ధపడ్డారా అనే ఆరో ప్రశ్నను అందరినీ అడగాల్సిందే. దీన్ని ప్రతి విద్యార్థి చేతా చేయించారు. "ఏమీ చేసుకోనని మాటివ్వండి" అని రోగి చేత ఒట్టు వేయించుకునే పద్ధతిని పూర్తిగా వదిలేయమన్నారు. దాని బదులు రోగితో కలిసి భద్రతా ప్రణాళిక రాయించారు: ప్రమాద సూచనలేమిటి, తనంతట తాను ఏం చేయగలరు, ఎవరి దగ్గరికి వెళ్లగలరు, ఏ నిపుణులకు ఫోను చేయాలి, ఇంట్లో ప్రమాదకరమైనవి ఎలా దూరం పెట్టాలి. "ఇది మన మధ్యే ఉంటుంది" అని రోగికి ఎన్నడూ మాట ఇవ్వకూడదనీ, ప్రమాదం దగ్గర్లో ఉందనిపిస్తే ఒంటరిగా వదలకుండా వెంటనే పై వారికి చెప్పాలనీ గట్టిగా చెప్పారు.

ఇంత బాగా నేర్పి, చివర్లో ఇచ్చిన ఫారంలో రోగిని తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అనే మూడు గళ్లలో ఒకదాంట్లో పెట్టమన్నారు. ఇది నాకు బాధ కలిగించింది. అలా వర్గీకరించి ఎవరికి చికిత్స ఇవ్వాలో నిర్ణయించవద్దని బ్రిటన్‌కు చెందిన, వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ 2022 మార్గదర్శకాల్లో స్పష్టంగా ఉంది. "తక్కువ" అని గుర్తు పెట్టిన రోగికి ఆ తర్వాత ఎవరూ శ్రద్ధగా చెవి ఒగ్గరు. మనిషికి ఇప్పుడు ఏం కావాలో రాసే చోటు ఆ ఫారంలో ఒక్క వరుసే ఉంది.

మరో లోటు: అయినవారిని ఇలా పోగొట్టుకున్న విద్యార్థులు ఉంటారన్న ఆలోచనే నిర్వాహకులకు లేదు. ముందస్తు సూచన లేదు, మధ్యలో తట్టుకోలేక బయటికి వెళ్లిన ఒక విద్యార్థిని వెంట వెళ్లడానికి మనిషీ లేరు.

చివరి సంవత్సరం విద్యార్థులను వార్డులకు పంపే ముందు ఈ శిక్షణ ఇప్పించండి. ఈ రెండు విషయాలూ నిర్వాహకులతో ముందే మాట్లాడండి.