పెల్లెట్ ఇరుక్కుంటుంటే మ్యాగజైన్ బాగుచేసుకోవాలా, ట్రేకి మారిపోవాలా: ఏది మేలు?

నా మాట ముందే చెప్పేస్తాను. ఎయిర్ రైఫిల్‌తో, అంటే గాలితో సీసపు గుళ్లని (పెల్లెట్లని) పేల్చే తుపాకీతో, ఇంటి పెరట్లోనో మేడ మీదో పది మీటర్ల దూరంలో కాగితం పెట్టి గురి చూసుకునేవాళ్లకి ఒక్కో పెల్లెట్‌నీ చేత్తో పెట్టుకునే సింగిల్ షాట్ ట్రే చాలు, తిరిగే చక్రంలో ఒకేసారి కొన్ని పెల్లెట్లు నింపుకునే మ్యాగజైన్ అక్కర్లేదు. అలాగని ఉన్న మ్యాగజైన్‌ని పారెయ్యమనను. ఇటు విజయనగరంలోనూ అటు టెక్కలి, పలాస వైపూ తెలిసినవాళ్లు "లోడ్ అవట్లేదు" అని పట్టుకొచ్చేవాటిలో చాలావాటికి మ్యాగజైన్‌లో లోపమేమీ ఉండదు, పెల్లెట్‌లోనే ఉంటుంది, లేదంటే దాన్ని దాచిన తీరులో ఉంటుంది. కాబట్టి చూడాల్సినవి మూడు దారులు: పెల్లెట్ మార్చడం, మ్యాగజైన్ బాగుచేయడం, ట్రే పెట్టుకోవడం.

మన దేశంలో లైసెన్స్ లేకుండా దొరికే ఎయిర్ రైఫిళ్లు 4.5 మి.మీ. బోరు (బ్యారెల్ లోపలి వెడల్పు), 20 జౌల్స్ లోపు శక్తి ఉన్నవి. అంటే మనం మాట్లాడుకునేది కందిగింజంత పెల్లెట్ గురించి. లావు వేళ్లున్నవాళ్లకి సగం కష్టం ఇక్కడే మొదలవుతుంది.

ముందు పెల్లెట్ సంగతి. దీని వెనక భాగం బోలుగా, పల్చటి అంచుతో ఉంటుంది, దాన్నే స్కర్ట్ అంటారు. సీసం మెత్తటిది కదా, డబ్బా ఒక్కసారి చేజారి కిందపడినా కొన్నిటి స్కర్ట్ నొక్కుకుపోతుంది. అలాంటిది మ్యాగజైన్ గదిలోకి అడ్డంగా దూరుతుంది, లేదా దూరాక చక్రాన్ని తిరగనివ్వదు. తెల్ల కాగితం మీద పోసి ఒక్కోదాన్నీ దొర్లించి చూడండి, సొట్ట ఉన్నది తిన్నగా దొర్లదు, పక్కకి కొట్టుకుంటూ పోతుంది. రెండోది మన సముద్రపు గాలి. కళింగపట్నం, బారువ, చింతపల్లి ఇలా ఒడ్డున ఉన్న ఊళ్లలో డబ్బా మూత సరిగ్గా పెట్టకపోతే సీసం మీద తెల్లటి పొడి పూస్తుంది. కొత్త డబ్బాలో నున్నగా జారిన పెల్లెట్టే వానాకాలం పోయేసరికి గరుకుగా పట్టేస్తుంది. కొత్త చెప్పుల పెట్టెలో వచ్చే సిలికా జెల్ పొట్లం ఒకటి డబ్బాలో పడేస్తే చాలు. పొడి పట్టినవి వాడొద్దు, ఆ పొడి సీసానిది, దాన్ని ముట్టుకున్న చేత్తో జంతికలు తినొద్దు. మూడోది పొడవు. బరువైన పెల్లెట్లు పొడవుగా ఉంటాయి, మ్యాగజైన్ మందం కన్నా అవి రవ్వంత బయటికి వచ్చినా బోల్ట్ (లోడ్ చేయడానికి వెనక్కి లాగి ముందుకి తోసే కడ్డీ) దగ్గర ఆగిపోవాల్సిందే. ఏదో వీడియోలో బాగుందన్నారని 16 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే పెల్లెట్ బరువు కొలత) డబ్బా తెప్పించుకుని మ్యాగజైన్‌ని తిట్టుకోవడం చాలామంది చేసే పనే. 8 గ్రెయిన్ల దగ్గర్లో గుండ్రటి తల ఉన్నదొకటి పెట్టి చూడండి, అది సాఫీగా వెళ్లిందంటే ఇక మ్యాగజైన్ జోలికి పోనక్కర్లేదు.

ఇక మ్యాగజైన్. ఇందులో రెండు రకాలున్నాయి. ఒకదానిలో స్ప్రింగే చక్రాన్ని తిప్పుతుంది, రెండోదానిలో స్ప్రింగ్ ఉండదు, మీరు బోల్ట్ లాగినప్పుడు రైఫిల్లో ఉన్న చిన్న కొక్కెం చక్రాన్ని ఒక గడి నెడుతుంది. మా బామ్మర్ది టెక్కలి నించి ఫోన్ చేసి "ఏటి బావా ఇది, మొదటిది పెట్టి వేలు తీయగానే చక్రం గిర్రుమని ఎనక్కి తిరిగిపోతంది" అంటే అది మొదటి రకం అని అక్కడికక్కడే తెలిసిపోయింది. ఈ రకంలో చాలా మోడళ్లకి పారదర్శకమైన మూతని చివరిదాకా తిప్పి పట్టుకుని, మ్యాగజైన్‌ని బోర్లించి, వెనక కన్నంలోంచి మొదటి పెల్లెట్‌ని స్కర్ట్ ముందుగా దించాలి. ఆ పెల్లెట్టే చక్రానికి తాళం. అది పూర్తిగా కూర్చోకపోతే చక్రం ఆగదు, మళ్లీ మొదటికి వస్తుంది. మిగతావి ఇటు తిప్పి, తల ముందుగా, మూతని ఒక్కో గడీ జరుపుతూ వేసుకోవాలి. పెన్నులాంటి లోడర్ దొరుకుతుంది, వేళ్ల నొప్పి తగ్గుతుంది గానీ సొట్టపోయినదాన్ని కూడా లోపలికి తోసేస్తుంది, అదొక్కటి చూసుకోవాలి.

పెల్లెట్లు బాగానే ఉండి, పద్ధతీ సరిగ్గానే ఉండి, మ్యాగజైన్ వంచగానే జారి కింద పడుతుంటే లోపల వాటిని పట్టి ఉంచే ఓ-రింగ్ (సన్నటి రబ్బరు చుట్టు) అరిగిందో తెగిందో అనుకోవచ్చు. మోటారు పంపుల సామాన్లు అమ్మే షాపులో అలాంటి సైజు దొరికే అవకాశం ఉంది, పాతది తీసుకెళ్లి పక్కన పెట్టి చూసుకోండి. చక్రం బద్ధకంగా తిరుగుతుంటే సీసం పొడి పేరుకుని ఉంటుంది, పాత టూత్‌బ్రష్‌తో, పొడి గుడ్డతో తుడిస్తే చాలు. నూనె వెయ్యాలనిపిస్తే సిలికోన్ ఆయిల్ సూదిమొనంత, అంతే. కుట్టుమిషన్ నూనె, కొబ్బరినూనె మాత్రం వద్దు. మ్యాగజైన్‌లో వేసింది బ్యారెల్ దాకా పాకుతుంది, పీసీపీలో, అంటే ట్యాంకులో ముందే గాలి నింపుకునే రైఫిల్లో, అధిక పీడనపు గాలికి మామూలు నూనె తగిలితే అంటుకునే ప్రమాదం ఉంది. మధ్య స్క్రూ విప్పాలంటే ముందు ఫోటో తీసుకోండి, స్ప్రింగ్ ఒక్కసారిగా ఎగిరిపోతే దానికి ఎన్ని చుట్లు బిగించి ఉందో ఎవరికీ గుర్తుండదు. నన్నడిగితే స్ప్రింగే పోయిందంటే కొత్త మ్యాగజైన్ కొనుక్కోవడమే నయం.

ఇంకో మాట. బోల్ట్‌ని పూర్తిగా వెనక్కి లాగకుండా మ్యాగజైన్ పెట్టినా తీసినా, పెల్లెట్‌ని బ్యారెల్లోకి నెట్టే పుల్ల దానికి అడ్డం పడుతుంది. ఇరుక్కుంది అనుకుని బలం ఉపయోగిస్తారు, ఇక అక్కడినించి నిజంగానే పాడవుతుంది.

ట్రేలో ఈ గొడవలేవీ లేవు. స్ప్రింగ్ లేదు, ఓ-రింగ్ లేదు, చిన్న గాడి ఒకటి, దానిలో పెల్లెట్ పెట్టడం, బోల్ట్ మూయడం. మ్యాగజైన్ గుండ్రటి తలనే ఇష్టపడుతుంది, చదును తల పెల్లెట్ అంచు చక్రం దాటి బ్యారెల్లోకి వెళ్లేచోట తట్టుకుంటుంది. కాగితం మీద శుభ్రంగా గుండ్రటి కన్నం పడాలంటే కావాల్సింది ఆ చదును తలే. ఒలింపిక్ 10 మీటర్ల పోటీలోనూ వాడేది అదే, 60 షాట్లూ ఒక్కోటి చేత్తో పెట్టుకుని కాల్చాల్సిందే, గగన్ నారంగ్ 2012లో లండన్‌లో కాంస్యం గెలిచిందీ ఆ పోటీలోనే. అక్కడ పది పాయింట్లిచ్చే నడి చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. అంత గురి కావాల్సినవాళ్లకి ప్రతి పెల్లెట్‌నీ వేళ్లతో తడిమి చూసుకునే అవకాశం ట్రే ఇస్తుంది, మ్యాగజైన్ ఇవ్వదు.

ట్రేకి కష్టం లేదా అంటే ఉంది. గురి చూసే దుర్భిణి (స్కోప్) కిందకి బిగించి ఉంటే వేలు దూరదు, పెల్లెట్ గాడిలో బోర్లాపడుతుంది, చలికాలం పొద్దున్నే వేళ్లు మొద్దుబారి ఉంటే మరీ చిరాకు. స్కోప్‌ని పట్టి ఉంచే మౌంట్ ఎత్తుది వేసుకుని, రైఫిల్ మొన కొంచెం కిందికి వంచి పెడితే చాలావరకు తీరిపోతుంది. ఇంకోటి, లోడ్ చేశామో లేదో మర్చిపోయి మళ్లీ పెడితే బ్యారెల్లో రెండు పెల్లెట్లు పడతాయి. ఇది మ్యాగజైన్‌తో మరీ సులువుగా జరుగుతుంది, పేల్చకుండా బోల్ట్ రెండుసార్లు ఆడిస్తే చాలు. అనుమానం వస్తే బ్యారెల్లోకి కన్ను పెట్టి చూడొద్దు.

తోటల్లో కోతుల్ని బెదిరించాలి, గబగబా పేల్చాలి, అందుకే మ్యాగజైన్ అనేవాళ్లు ఉద్దానం వైపు ఉన్నారు. వాళ్ల బాధ నాకు తెలుసు, కానీ కోతిని తరమడానికి శబ్దం కావాలి గానీ సీసం అక్కర్లేదు, టపాకాయ పనిచేసే చోట రైఫిల్ ఎందుకు? పైగా పది గుళ్లు నిండుగా ఉంటే చెయ్యి ఊరుకోదు. తేలినీలాపురం చింతచెట్ల మీద పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు వాలే ఊరు మనది, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వాటి మీద పేల్చినవాడికి జైలే.

బ్యారెల్‌ని వంచి లోడ్ చేసే మామూలు స్ప్రింగ్ రైఫిల్ ఉన్నవాళ్లకి ఈ పేచీయే లేదు, వాళ్లు పెల్లెట్ డబ్బా ఒక్కటీ చూసుకుంటే సరిపోతుంది. పీసీపీ ఉన్నవాళ్లు కొనే వరుస ఇది: ముందు మంచి పెల్లెట్ డబ్బా, తర్వాత మీ మోడల్‌కి సరిపోయే ట్రే, అవి రెండూ వాడి చూశాక కూడా గబగబా పేల్చాలనిపిస్తే అప్పుడు రెండో మ్యాగజైన్. ట్రే కొనేముందు మీ రైఫిల్ మోడల్ పేరుతో పాటు బోరు కూడా చెప్పండి, 5.5 ట్రేలో 4.5 పెల్లెట్ పెడితే అటూ ఇటూ దొర్లి బోల్ట్ మొనకి అందదు.