రిమోట్ పీసీల ఈవెంట్ లాగ్ బ్యాకప్ స్క్రిప్ట్ కొంటున్నారా, ముందు ఇది చదవండి

ఫ్రెండ్స్, "ఒక్క క్లిక్‌తో ఆఫీసులో అన్ని సిస్టమ్‌ల ఈవెంట్ లాగ్స్ బ్యాకప్ తీసి క్లియర్ చేసేస్తుంది" అని అమ్మే రెడీమేడ్ స్క్రిప్ట్ ఒకటి కొని నేను బాగా దెబ్బతిన్నా. ఈవెంట్ లాగ్ అంటే పీసీలో ఎవరు లాగిన్ అయ్యారు, ఏం ఎర్రర్ వచ్చింది లాంటివి విండోస్ రాసుకునే రికార్డు. అమ్మినాయన పేరు రాయట్లేదు, కానీ స్క్రిప్ట్‌లో ఏం చూసుకోవాలో చెప్తా.

హైదరాబాద్‌లో ఒక చిన్న ఆఫీసుకి సిస్టమ్స్ చూస్తా, 38 విండోస్ పీసీలు. నెలకోసారి ఒక్కో పీసీ దగ్గర కూర్చుని ఈవెంట్ వ్యూయర్‌లో సేవ్ కొట్టి క్లియర్ కొట్టేసరికి శనివారం మొత్తం దానికే పోయేది, అందుకే 4,500 పెట్టి కొన్నా. మొదటి నెల సూపర్‌గా నడిచింది, ప్రతి పీసీలో సి డ్రైవ్‌లో ఫోల్డర్, అందులో సెక్యూరిటీ, సిస్టమ్, అప్లికేషన్ అని మూడు ఫైళ్లు, నాలుగైదు ఓపెన్ చేసి కూడా చూసా. రెండో నెల, మూడో నెల కూడా స్క్రీన్ మీద వరసగా పచ్చరంగులో సక్సెస్ అనే వచ్చింది, ఇంక చూడలేదు.

తర్వాత ఒకరోజు మా సార్ పిలిచి, అకౌంట్స్ సెక్షన్ పీసీలో పోయిన నెల రాత్రిపూట ఎవరో లాగిన్ అయ్యారని అనుమానంగా ఉంది, చూడు అన్నారు. బ్యాకప్ ఫైల్ తెరిస్తే మొదటి నెల రికార్డులే ఉన్నాయి, ఫైల్ తేదీ కూడా అప్పటిదే. సరే అని లైవ్ లాగ్‌లో కిందకి వెళ్తే అన్నిటికంటే పాత ఎంట్రీ 1102, అంటే ఆడిట్ లాగ్ క్లియర్ చేశారని విండోస్ రాసుకునే రికార్డు, అందులో అకౌంట్ పేరు నాది. దానికి ముందు ఏమీ లేదు. సార్ పక్కనే నిల్చుని చూస్తున్నారు, నాకు నోట మాట రాలేదు.

స్క్రిప్ట్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదివితే అప్పుడు అర్థమైంది. ఫైల్ పేరులో తేదీ లేదు, ప్రతి నెలా అదే పేరు. డబ్ల్యూఎంఐలో (స్క్రిప్ట్‌తో వేరే పీసీలని కూడా నడిపించడానికి విండోస్‌లోనే ఉండే ఏర్పాటు) బ్యాకప్ఈవెంట్‌లాగ్ అనే కమాండ్, అదే పేరుతో అప్పటికే ఫైల్ ఉంటే దాని మీద మళ్లీ రాయదు, 183 అనే ఎర్రర్ కోడ్ వెనక్కిచ్చి ఊరుకుంటుంది. ఈయన ఆ కోడ్ చూడనే లేదు, పైన ఆన్ ఎర్రర్ రెజ్యూమ్ నెక్స్ట్ (ఎర్రర్ వచ్చినా ఆగకుండా తర్వాతి లైన్‌కి వెళ్లిపో అని) పెట్టేసి కింద లైన్‌లో నేరుగా క్లియర్! బ్యాకప్ అయినా కాకపోయినా సక్సెస్ అనే ప్రింట్. పైగా అడ్మిన్ పాస్‌వర్డ్ స్క్రిప్ట్‌లోనే మామూలు అక్షరాల్లో రాసుకోమన్నాడు, ఆ ఫైల్ ఎవరి చేతికి చిక్కినా అంతే సంగతులు.

ఫోన్ చేస్తే "సార్ అది మీ నెట్‌వర్క్ పర్మిషన్స్ ప్రాబ్లమ్, బ్యాకప్ పాత్ సర్వర్ షేర్‌కి ఇవ్వండి" అన్నాడు, అంటే ఫైల్ ఆ పీసీలో కాకుండా నేరుగా సర్వర్‌లోని షేర్డ్ ఫోల్డర్‌లో పడేలా. ఈసారి ఖాళీగా ఉన్న ఒక టెస్ట్ పీసీ మీదే ట్రై చేసా, అదీ అవ్వలేదు, ఎందుకంటే స్క్రిప్ట్ ఆ పీసీ దాకా మన లాగిన్‌తో వెళ్తుంది గానీ అక్కణ్నుంచి మూడో మెషీన్‌కి, అంటే సర్వర్‌కి, ఆ లాగిన్ మామూలుగా దాటదు. బ్యాకప్ ఫెయిల్, లాగ్ మాత్రం మళ్లీ క్లియర్. రీఫండ్ అడిగాక మెసేజ్‌లకి రిప్లై లేదు.

ఇది చిన్న విషయం అనుకోకండి, సర్ట్-ఇన్ (సైబర్ సెక్యూరిటీ చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాల్లో లాగ్స్ 180 రోజులు దాచాలని ఉంది, ఆడిట్‌లో అడిగితే ఏం చూపిస్తాం.

ఇప్పుడు నేనే రాసుకున్నా. ఫైల్ పేరులో పీసీ పేరు, తేదీ రెండూ ఉంటాయి. బ్యాకప్ సున్నా (అంటే సక్సెస్) రిటర్న్ చేసి, ఫైల్ నా సర్వర్‌కి కాపీ అయ్యి, అక్కడ తెరుచుకుంటేనే క్లియర్, లేకపోతే ఆ పీసీని వదిలేసి ఎర్రరంగులో చూపిస్తుంది. అసలు చాలామందికి క్లియర్ చేయాల్సిన పనే లేదని నా అభిప్రాయం, గ్రూప్ పాలసీలో (అన్ని పీసీలకీ ఒకేచోట నుంచి సెట్టింగ్స్ పెట్టేది) లాగ్‌కి ఉండే 20 ఎంబీ డిఫాల్ట్ సైజు పెంచి, పాత ఈవెంట్స్ చెరపకుండా ఉంచే ఆప్షన్, నిండగానే ఆర్కైవ్ చేసే ఆప్షన్ రెండూ ఆన్ చేస్తే విండోస్ తనే ఫైల్ పక్కన పెట్టుకుంటుంది, డిస్క్‌లో ఖాళీ చూసుకుంటే చాలు.

కొనాల్సిందే అనుకుంటే డబ్బులు కట్టకముందే ఒకే టెస్ట్ పీసీ మీద వరసగా రెండుసార్లు నడిపి చూపించమనండి. రెండోసారి వచ్చిన ఫైల్ మీరే తెరిచి అందులో తేదీలు చూడండి.