కమ్యూనిటీ సర్వీస్ ఎలెక్టివ్ తీసుకోవచ్చా? నా రివ్యూ

జూనియర్లు ఒకరి తర్వాత ఒకరు ఇదే అడుగుతున్నారు కాబట్టి ఒకేసారి రాసేస్తున్నా. తీసుకోండి. కాకపోతే ఏ సెక్షన్ పడుతుందో ముందే కనుక్కోండి. ఐదుకి మూడున్నర ఇస్తాను.

సెమిస్టర్ పొడుగునా వారానికో పూట బయట ఏదో ఒక సంస్థలో పని చెయ్యాలి. ఆ పనికీ మన సబ్జెక్టుకీ లింకు ఉండాలి. తర్వాత క్లాసులో దాని మీద చర్చ. నాది కంప్యూటర్ సైన్స్. వృద్ధాశ్రమంలో 'డిజిటల్ అక్షరాస్యత' అని వేశారు.

వెళ్లేముందు డిపార్ట్‌మెంట్ వాళ్లు ఒక సిలబస్ చేతిలో పెట్టారు: ఈమెయిల్ పంపడం, ఆన్‌లైన్ ఫారం నింపడం వగైరా. అక్కడ ఎవరూ దాని వంక చూడలేదు. ఒక బామ్మగారు మాత్రం ఫోన్ నా చేతికిచ్చి, "నువ్వు ముట్టుకుంటే ఒకటొస్తుంది, నేను ముట్టుకుంటే ఇంకోటొస్తుంది. ఇదేం ఫోనమ్మా?" అన్నారు. మనవడి ఫోటో తెరవబోతే డిలీట్ చెయ్యమంటావా అని అడుగుతోందట. పక్కన కూర్చుని ఆవిడ వేలినే చూశాను. మనం ఇలా తాకి అలా తీసేస్తాం. ఆవిడ కాలింగ్ బెల్ నొక్కినట్టు నొక్కిపట్టి ఉంచుతున్నారు. ఫోను దాన్ని లాంగ్ ప్రెస్ అనుకుంటోంది. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీకి వెళ్లి 'టచ్ అండ్ హోల్డ్ డిలే' (ఎంతసేపు నొక్కితే లాంగ్ ప్రెస్ అనుకోవాలో ఆ టైమ్) పెంచాను. ఈసారి ఫోటో తెరుచుకుంది.

"మరి ఇన్నాళ్లూ నాకే రాదన్నారేం?" అన్నారావిడ.

ఇంటర్‌ఫేస్ డిజైన్ పేపర్లో నాకు మంచి మార్కులే వచ్చాయి. కానీ డీఫాల్ట్ సెట్టింగ్ (ఫోనుతో పాటే ముందుగా పెట్టి ఇచ్చేది) అంటే ఎవరో ఒకరి వేలిని దృష్టిలో పెట్టుకుని చేసిన నిర్ణయమని అప్పుడే తెలిసింది. ఇంకో తాతగారికి అక్షరాలు పెద్దవి చేస్తే ఒక యాప్‌లో 'ఓకే' బటన్ స్క్రీన్ కిందికి జారిపోయింది. చర్మం పొడిబారి, గీతలు అరిగి, కొందరి వేలిముద్ర ఎన్నిసార్లు పెట్టినా తీసుకోదు. వీటిలో ఒక్కటీ మా ల్యాబ్‌లో ఎదురుకాలేదు.

మా అదృష్టం కొద్దీ చర్చ నడిపిన మేడమ్ గట్టివారు. మా డైరీలు నిజంగా చదివేవారు (మార్జిన్‌లో ప్రశ్నలు రాసి మరీ). ఇలా సేవ చేస్తూ చదువు నేర్చుకోవడాన్ని సర్వీస్ లెర్నింగ్ అంటారు. దానికి అమెరికన్ విద్యావేత్త రాబర్ట్ సిగ్మన్ 1979లో మూడు సూత్రాలు చెప్పారు. మొదటిది, ఏ సేవ కావాలో తేల్చాల్సింది దాన్ని అందుకునేవాళ్లే అని. మేడమ్ అది బోర్డు మీద రాసి, "మరి మీ సిలబస్ ఎవరు రాశారు?" అని అడిగారు. సిలబస్ పక్కన పెట్టేసి, ఏం కావాలో అక్కడివాళ్లనే అడిగాం. ముందు వీడియో కాల్, ఆ తర్వాత దొంగ కాల్స్ గుర్తుపట్టడం. ఈమెయిల్ ఊసే ఎవరూ ఎత్తలేదు.

ఇక నా రేటింగ్‌లో ఆ ఒకటిన్నర ఎందుకు కోశానో. ఎన్ని గంటలు పని చేశామో నింపే అవర్స్ షీట్ పెద్ద తలనొప్పి. సంతకం, స్టాంపు, ఫోటో ఉంటే చాలు, ఏం నేర్చుకున్నావని అడిగే గడే లేదు. అనుభవంతో నేర్చుకోవడానికి అమెరికన్ విద్యావేత్త డేవిడ్ కోల్బ్ 1984లో నాలుగు మెట్లు చెప్పారు: చెయ్యడం, చేసినదాన్ని తిరిగి చూసుకోవడం, అందులోంచి ఒక సూత్రం పట్టుకోవడం, దాన్ని మళ్లీ చేసి చూడటం. షీటుకి మొదటి మెట్టు ఒక్కటే తెలుసు. వేరే సెక్షన్‌లో నా ఫ్రెండ్ సెమిస్టరంతా ఒక ఆఫీసులో పాత ఫైళ్లు ఎంట్రీ చేసింది. చర్చ లేదు, డైరీ లేదు. క్రెడిట్లు మాత్రం నాకెన్నో తనకీ అన్నే.

ఇంకోటి, ప్రతి సెమిస్టర్‌కీ కొత్త బ్యాచ్ వస్తుంది, ఆశ్రమం వార్డెన్ అన్నీ మొదటినుంచి చెప్పుకోవాలి. ఆవిడ టైమ్ ఏ షీటులోనూ ఎక్కదు. మేం వచ్చేశాక ఫోన్ అప్‌డేట్ అయి ఐకాన్లు మారితే వాళ్లు ఎవరిని అడగాలి? దీనికి యూనివర్సిటీ దగ్గర జవాబు లేదు.

అందుకే ఎవరి ఫోన్‌లో ఏం మార్చామో, ఎవరు ఎక్కడ ఆగారో మా బ్యాచ్ నోట్స్ రాసిపెట్టింది. అక్కడికే వెళ్లేవాళ్లు అడగండి, ఇస్తాను. ప్లేస్‌మెంట్ ఫారంలో 'ఎక్కడైనా ఫర్వాలేదు' దగ్గర మాత్రం టిక్ పెట్టకండి. నిజంగానే ఎక్కడైనా వేసేస్తారు.