మూడో సైలెన్సర్‌తో నాలుగేళ్లు

నా పికప్‌కి ఇది మూడో సైలెన్సర్. బిగించి నాలుగేళ్లు దాటింది, 68 వేల కిలోమీటర్లు తిరిగింది. డబ్బా మీద మఫ్లర్ అని రాసి ఉంటుంది గానీ, ఆ మాట వింటే నాకు మెడకు చుట్టుకునేదే గుర్తొస్తుంది. అందుకని సైలెన్సర్ అనే అంటాను. కొన్న వారంలోనే రాసేసిన సమీక్షలు నమ్మి రెండోదాని దగ్గర దెబ్బతిన్నవాణ్ణి కాబట్టి, ఈసారి తొందరపడకుండా రాస్తున్నాను.

ముందు బండి సంగతి. నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజన్, ఐదు గేర్లు, సింగిల్ క్యాబ్. వెనక తొట్టి సగం రోజులు బరువుతో, సగం రోజులు ఖాళీగా ఉంటుంది. బండితో వచ్చిన సైలెన్సర్ తొమ్మిదేళ్లు నడిచాక వెనక అతుకు దగ్గర తుప్పుపట్టి చిల్లు పడింది. ప్యాచ్ వేయించాను. మూడు నెలలకి దాని పక్కనే ఇంకో చిల్లు. రేకుని తుప్పు లోపలి నుంచి తినేసింది, ఇక వెల్డింగ్ దేన్ని పట్టుకుంటుంది?

రెండోది మాత్రం పూర్తిగా నా సరదా. వీడియోల్లో బండి ఆపి యాక్సిలరేటర్ తొక్కి వినిపిస్తారే, ఆ గంభీరమైన గొంతుకి పడిపోయాను. లోపల రెండు గదులున్న పొట్టి డబ్బా అది. బిగించిన సాయంత్రం ఊరికే రెండు చుట్లు తిరిగొచ్చి మురిసిపోయాను. మర్నాడు హైవే ఎక్కాక అసలు విషయం తెలిసింది.

ఐదో గేర్‌లో 2000 ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గరికి రాగానే క్యాబిన్ అంతా బూమ్మని మోగడం మొదలైంది. పెద్ద శబ్దమేం కాదు. పాట పెడితే పాట వినిపిస్తుంది. కానీ గంట గడిచేసరికి తలంతా దిమ్ముగా ఉండేది. దీన్నే డ్రోన్ అంటారు. లెక్క చాలా సులువు: ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌లో నాలుగు సిలిండర్లుంటే క్రాంక్, అంటే ఇంజన్‌లో తిరిగే ఇరుసు, ఒక్క చుట్టుకి రెండు సార్లు పెట్రోలు మండుతుంది. 2000 ఆర్‌పీఎం అంటే సెకనుకి సుమారు 67 సార్లు, అంటే 67 హెర్ట్జ్. అంత లోతైన శబ్దాన్ని ఆపడం పొట్టి డబ్బా వల్ల కాదు. పైగా సింగిల్ క్యాబ్ అంటే వీపు వెనకే రేకు గోడ. అది డప్పులా అందుకుంటుంది. 2400 దాటితే మోత తగ్గేది. అందుకని పెట్రోలు తగలేస్తూ నాలుగో గేర్‌లోనే నడపడం అలవాటు చేసుకున్నాను. డబ్బు పోశాను కదా అన్న మొండితనంతో ఇలా పద్నాలుగు నెలలు లాగాను!

దాన్ని విప్పి ఒక పక్కకి వంచితే గోధుమ రంగు నీళ్లు బొటబొటా కారాయి. అప్పుడు గుర్తొచ్చింది. డబ్బా అడుగున సన్నటి బెజ్జం ఒకటి ఉండేది. అక్కడి నుంచి చుక్కలు పడుతుంటే లీకేజీ అనుకుని, బిగించిన మెకానిక్ చేతే వెల్డింగ్ పెట్టించి మూసేశాం. అతనూ వద్దనలేదు. అది లీకేజీ కాదు, నీళ్లు పోవడానికి తయారీలోనే పెట్టిన బెజ్జం. లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీళ్లు పుడతాయి. బండి బాగా వేడెక్కితే అది ఆవిరిగా వెళ్లిపోతుంది. హైవే ఎక్కని రోజుల్లో నాలా పది నిమిషాలు నడిపి ఆపేసేవాళ్ల బండిలో ఆ నీళ్లు సైలెన్సర్‌లోనే చల్లబడి, పొగలోని ఆమ్లాలతో కలిసి రేకుని తింటాయి. సైలెన్సర్లు వెనక భాగంలోనే ముందు చిల్లులు పడడానికి కూడా ఇదే కారణం, అక్కడ వేడి తక్కువ. మీ దానికి అలాంటి బెజ్జం ఉంటే మూయకండి, బురద పడితే సన్నటి తీగతో పొడవండి.

మూడోది ఎంచుకునేటప్పుడు శబ్దం వినడం పూర్తిగా మానేశాను. చూసినవి మూడే: డబ్బా ఎంత పెద్దది, లోపల ఏముంది, దేనితో చేశారు.

నేరుగా దూసుకుపోయే రకం ఒకటి ఊరించింది. అందులో బెజ్జాల గొట్టం చుట్టూ ఫైబర్‌గ్లాస్ ఉన్ని కూరి ఉంటుంది. చిన్నది, తేలిక. కానీ ఆ ఉన్ని కీచుమనే శబ్దాలని మింగినంతగా లోతైన మోతని మింగదు. నా బాధ ఆ మోతతోనే కాబట్టి వదిలేశాను. చివరికి కంపెనీ సైలెన్సర్ లాంటిదే తీసుకున్నాను. కోడిగుడ్డు ఆకారపు పెద్ద డబ్బా, లోపల పొగ వెనక్కీ ముందుకీ తిరిగే గొట్టాలు, చివర లోతైన మోతని చంపడానికి విడిగా ఒక గది. ఇంజన్‌కి బ్యాక్ ప్రెషర్, అంటే బయటికి పోయే పొగకి ఎదురొచ్చే ఒత్తిడి, కావాలని కొందరు, ఫ్రీగా పోతే పవర్ పెరుగుతుందని కొందరు చెప్పారు. ఇంజన్‌కి బ్యాక్ ప్రెషర్ అక్కర్లేదు. అలాగని సైలెన్సర్ ఒక్కటి మార్చినందుకు మైలేజీలో గాని, ఎక్కుడు రోడ్ల మీద గాని నాకు తేడా కనిపించలేదు.

లోహం 409 రకం స్టెయిన్‌లెస్ స్టీల్. అల్యూమినియం పూత ఉక్కు దీనికన్నా చవకే గానీ, వెల్డింగ్ చేసిన చోట పూత కాలిపోతుంది, తుప్పు అక్కడి నుంచే మొదలవుతుంది. స్టెయిన్‌లెస్‌లోనే 304 రకం ఇంకా మేలు, అందులో క్రోమియం 18 శాతం దాకా ఉంటుంది. 409లో సుమారు 11 శాతమే. అందుకే పైన ఎర్రటి తుప్పు పొర వస్తుంది. రెండో వానాకాలానికే నాదీ ఎర్రబడితే మోసపోయానని టెన్షన్ పడ్డాను. నాలుగేళ్లయినా అది పైపైనే ఉంది, స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడిచి చూశాను. దుకాణంలో అనుమానమొస్తే అయస్కాంతం పెట్టండి. 409కి అంటుకుంటుంది, 304కి మామూలుగా అంటుకోదు.

కొలతల దగ్గర నేనూ ఒకసారి తప్పాను. సైలెన్సర్ మూతి కొలత సాధారణంగా లోపలిది రాస్తారు. బండి పైపు దాంట్లో దూరాలి కాబట్టి మనకి కావలసింది పైపు బయటి కొలత. పైపు చుట్టూ దారం చుట్టి, ఆ పొడవుని 3.14తో భాగిస్తే సరి. మూతి మధ్యలో ఉందా, పక్కకుందా కూడా చూసుకోవాలి, లేదంటే పైపు వంచడానికి అదనపు పని. పైపుని, మూతిని కలిపి బిగించే క్లాంపు విషయంలో యూ బోల్టు వద్దు, అది పైపుని నొక్కేసి తర్వాత ఊడి రాకుండా చేస్తుంది. పట్టీలా చుట్టుకునే బ్యాండ్ క్లాంపు వేయించాను. మొన్న విప్పితే పాత నట్టు ఇబ్బంది పెట్టకుండానే వచ్చింది.

టెయిల్ పైపు, అంటే పొగ వదిలే చివరి గొట్టం, తొట్టి అంచు దాటి బయటికి రావాల్సిందే. కింద మధ్యలో వదిలేస్తే మోత తొట్టికి కొట్టుకుంటుంది. అంతకంటే ముఖ్యంగా, రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ క్యాబిన్‌లోకి చేరుతుంది.

ఇక నాలుగేళ్ల లెక్క. 2000 ఆర్‌పీఎం దగ్గర ఇప్పుడు వినిపించేది టైర్ల చప్పుడే. లోపాలు లేవని కాదు. బరువెక్కువ. మూడో ఏట వేలాడదీసే రబ్బర్లు సాగి, గతుకుల్లో డబ్బా ఫ్రేముకి తగిలి టంగుమనేది. రెండు రబ్బర్లు మార్చాక ఆగింది. చలి ఉదయాల్లో స్టార్ట్ చేస్తే బెజ్జంలోంచి చుక్కలు పడతాయి, చూసినవాళ్లు లీకవుతోందని ఇప్పటికీ చెబుతుంటారు. స్పేర్ టైరు దగ్గరికి వేడి కొంచెం ఎక్కువే కొడుతుంది, అందుకని మధ్యలో ఒక రేకు కట్టించాను. మళ్లీ కొనాల్సి వస్తే ఇదే రకం, 304లో దొరికితే అది. పొడవు మాత్రం ఇంకో అంగుళం కూడా పెంచలేను, కొలిచి చూశాను, ఆ రేకు పోను రెండు వేళ్ల సందే మిగిలింది.