వానాకాలం అడవికి పోలరైజర్: హోయా 77 ఎంఎం ఫిల్టర్ వాడాక

పరకాలలో నాకు చిన్న స్టూడియో ఉంది. ఇల్లు గడిచేది పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, పాస్‌పోర్ట్ ఫోటోలతోనే. ముహూర్తాలు లేని ఆషాఢంలో మాత్రం కెమెరా సర్దుకుని ములుగు వైపు వెళ్లిపోతాను. కాబట్టి ఈ రివ్యూ ప్రకృతి ఫోటోలు తీసేవాళ్ల కోసం. ఫంక్షన్ హాల్లో ఈ ఫిల్టర్‌తో పని పడదు.

పోలరైజర్ అంటే లెన్స్ ముందు బిగించి తిప్పే, మెరుపును తగ్గించే ఫిల్టర్. చాలామంది దాన్ని కొనేది ఆకాశం నీలంగా రావాలని. నన్నడిగితే ఆ ఒక్కదానికే అయితే డబ్బు పెట్టొద్దు. ఆకాశాన్ని ఇంటికొచ్చాక లైట్‌రూమ్ అనే ఫోటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో కూడా నీలం చేసుకోవచ్చు. దీని విలువ తడిసిన ఆకు దగ్గర తెలుస్తుంది. వాన వెలిసాక తాడ్వాయి అడవిలో ఒక టేకు చెట్టు ముందు నిలబడి చూడండి. అంత వెడల్పాటి ఆకు మీద ఆకాశపు వెలుగు పడి మెరుస్తుంటుంది. మామూలుగా తీస్తే ఫోటోలో అక్కడ తెల్ల మచ్చే మిగులుతుంది. ఫిల్టర్ ముందు రింగును మెల్లగా తిప్పుతూ పోతే ఆ తెలుపు తగ్గి, ఈనెలు, పురుగు కొరికిన చిల్లులు, ఆకు అసలు రంగు బయటపడతాయి. టేకుది పసుపు కలిసిన పచ్చ, నల్లమద్దిది ముదురు, లేత వెదురుది ఇంకో రకం. మన అడవిలో ఇన్ని పచ్చలున్నాయని నా ఫోటోల్లో కనిపించింది ఈ ఫిల్టర్ పెట్టాకే. మెరుపు కింద కెమెరాకు అందని రంగును తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ తెచ్చివ్వలేదు.

నీళ్ల దగ్గరా అంతే. పాకాల చెరువు ఒడ్డున నీటిమట్టానికి దాదాపు 37 డిగ్రీల కోణంలో కిందికి చూస్తూ తిప్పితే పైమెరుపు పోయి అడుగున రాళ్లు కనిపిస్తాయి. అదే రామప్ప చెరువులో సాయంత్రం నీటిలో గుట్టల ప్రతిబింబం కావాలనుకుంటే ఫిల్టర్ తీసి జేబులో పెట్టుకోవడమే మంచిది.

వాజేడు దగ్గర బోగత జలపాతానికి నేను దీన్ని తప్పకుండా తీసుకెళ్తాను. ఫిల్టర్ ఒకటిన్నర నుంచి రెండు స్టాపుల వెలుగు తినేస్తుంది (ఒక స్టాపు తగ్గితే వెలుగు సగమైనట్టు). సెకనులో 60వ వంతు ఉన్న షట్టర్ 15వ వంతు దాకా దిగుతుంది. ట్రైపాడ్ లేకుండా కుదరదు, కానీ ధార మెత్తగా రావాలంటే ఆ నిదానమే కావాలి. తుంపర మీద ఎండ పడి ఇంద్రధనుస్సు కనిపించినప్పుడు మాత్రం జాగ్రత్త. రింగు ఒక వైపు తిరిగితే రంగులు చిక్కబడతాయి, అక్కణ్నుంచి పావు చుట్టు తిప్పితే ఇంద్రధనుస్సు మొత్తం మాయమవుతుంది. దాన్ని వ్యూఫైండర్‌లో చూడటమే ఒక ఆనందం.

ఇంతకుముందు వాడిన ఓ చవక ఫిల్టర్‌తో ఇదే జలపాతపు నురుగు లేత పసుపుగా వచ్చేది. హోయాతో నాకు తెలుపు తెలుపుగానే వస్తోంది. ధర ఎక్కువే, ఒక ప్రీవెడ్డింగ్ షూట్ అడ్వాన్సులో సగం దాకా పోయింది. అయినా మళ్లీ కొనాల్సి వస్తే ఇదే కొంటాను.

పనికిరాని చోట్లూ ఉన్నాయి. రామప్ప గుడిలోని మదనికల (నాట్యభంగిమల స్త్రీ శిల్పాల) నల్లరాయికి ఆ నునుపు మెరుపే ప్రాణం. అక్కడ రింగు తిప్పి మెరుపు తీసేస్తే శిల్పం చప్పబడిపోతుంది. కాళేశ్వరం సంగమం దగ్గర 16 ఎంఎం వైడ్ యాంగిల్ లెన్స్‌తో వెడల్పుగా తీస్తే ఆకాశంలో ఒక పక్క ముదురు పట్టీ పడుతుంది. సూర్యుడికి 90 డిగ్రీల పక్కన ప్రభావం ఎక్కువ, మిగతా చోట్ల తక్కువ. అంత వెడల్పు ఫ్రేములో రెండూ కలిసి వచ్చేస్తాయి. ఇది ఏ కంపెనీ పోలరైజర్‌కైనా తప్పదు.

కొనేటప్పుడు డబ్బా మీద సర్క్యులర్ అని ఉందో లేదో చూడండి. పాత లీనియర్ రకం పెడితే డీఎస్ఎల్ఆర్‌లలో ఆటోఫోకస్, మీటరింగ్ (వెలుగు కొలత) తికమక పడొచ్చు. మీ లెన్సుల్లో ముందు వ్యాసం అన్నిటికంటే పెద్దగా ఉన్నదాని సైజుకే తీసుకోండి. ముందు వ్యాసం 67 ఎంఎం ఉన్న లెన్స్‌కు, పెద్ద ఫిల్టర్ పట్టేలా చేసే స్టెప్‌అప్ రింగ్ వేస్తే ఇదే సరిపోతుంది, రింగ్ ధర ఫిల్టర్ ధర ముందు లెక్కలోకే రాదు. వానలో తడిసి, దుమ్ము చేరి ఫిల్టర్ లెన్స్‌కు బిగుసుకుపోతే అంచులు గట్టిగా నొక్కకండి, ఇంకా బిగుస్తుంది. చుట్టూ ఒక వెడల్పాటి రబ్బరు బ్యాండ్ వేసి నిదానంగా తిప్పితే ఊడి వస్తుంది. నా బ్యాగులో ఎప్పుడూ అలాంటి బ్యాండ్లు రెండు ఉంటాయి.